దోనె అమరంలో తలగడ: సువార్త కథలో కూర్చుని చేసే ప్రార్థన

మార్కు సువార్త నాలుగో అధ్యాయంలో తుపాను కథ తెలియని విశ్వాసి ఉండరు. దోనె నీళ్లతో నిండిపోతోంది, యేసు నిద్రపోతున్నాడు, శిష్యులు లేపారు, ఆయన గాలిని గద్దించాడు, అంతా నిమ్మళమైపోయింది. ఈ భాగం చదవగానే మనసు తిన్నగా ఆ గద్దింపు దగ్గరికే పరిగెడుతుంది, ఎందుకంటే ప్రసంగాలన్నీ చివరికి చేరేది అక్కడికే. దానికి కాస్త ముందు ఒక చిన్న ముక్క ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆయన దోనె అమరమున తలగడ మీద నిద్రపోతున్నాడు. ఇంకో రెండు వాక్యాలు వెనక్కి వెళితే, ఆయన వెంట మరికొన్ని దోనెలు కూడా వచ్చాయని ఉంటుంది. ఆ దోనెల్లో ఎవరున్నారు? తుపాను వాళ్లనీ కొట్టిందా? గాలి ఆగినప్పుడు ఎందుకు ఆగిందో వాళ్లకి తెలిసిందా? మార్కు చెప్పలేదు.

అమరం అంటే పడవ వెనక భాగం. శ్రీకాకుళం టౌన్‌లో పెరిగిన కుర్రాడికి ఈ మాటకి అర్థం చెప్పాలేమో గానీ, కళింగపట్నంలోనో బారువలోనో వేటకి వెళ్లే ఇంట్లో పుట్టినవాడికి పడవ వెనక భాగం అంటే ఒక బొమ్మ వెంటనే కళ్లముందుకొస్తుంది, చుక్కాని పట్టేచోటు, వలలు కుప్పపోసేచోటు, తడి తాళ్ల వాసన. ఆ చోట ఒక మనిషి తలగడ పెట్టుకుని పడుకున్నాడు, అంత ఊపులోనూ మెలకువ రాలేదు. ఎంత అలిసిపోయి ఉండాలి? పొద్దున్నుంచీ జనానికి చెప్పీ చెప్పీ గొంతు పోయి ఉంటుందా? ఈ ప్రశ్న దగ్గర ఆగి, ముందుకి పరిగెత్తకుండా, ఆ నిద్రపోతున్న మనిషి పక్కనే దోనెలో కాసేపు కూర్చోవడమే ఇక్కడ మాట్లాడుకుంటున్న ప్రార్థన. ఇంతకంటే పెద్ద రహస్యమేమీ లేదు. వాక్యంలోని సంగతిని ఊహలో కట్టుకుని, అందులోకి తానూ వెళ్లి, చూసి, విని, చివరికి ఆయనతో రెండు మాటలు మాట్లాడి బయటికి రావడం.

‘ఊహ’ అనగానే కొంతమందికి గుండెల్లో రాయి పడుతుంది. దేవుడి వాక్యానికి మనం సొంతంగా కల్పించి చేర్చడమా అని. ఆ భయంలో న్యాయం ఉంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం. ముందు ఒక విషయం ఒప్పుకోవాలి, ఊహ లేకుండా సువార్త చదివేవాళ్లు ఎవరూ లేరు. డిసెంబరు వచ్చేసరికి విజయనగరం నుంచి పలాస దాకా ప్రతి గుడిలోనూ పశువుల పాక కడతారు, పైన గడ్డి కప్పుతారు, లోపల ఆవు, గాడిద, పక్కన ముగ్గురు జ్ఞానులు. లూకా సువార్త రెండో అధ్యాయం తీసి చూడండి. పశువుల తొట్టి ఉంది, సత్రంలో స్థలం లేదని ఉంది, అంతే. పాక లేదు. ‘ఇక్కడ చోటు లేదు పొమ్మన్న’ సత్రం యజమాని లేడు, అతని వేషం మాత్రం ప్రతి సండే స్కూల్ నాటకంలోనూ ఎవరో ఒక బొద్దు పిల్లాడికి దక్కుతుంది. ఆవు, గాడిద యెషయా మొదటి అధ్యాయం నుంచి నడుచుకుంటూ వచ్చాయి. జ్ఞానులు ముగ్గురని మత్తయి ఎక్కడా లెక్క చెప్పలేదు, కానుకలు మూడని మాత్రమే రాశాడు. అంటే ఊహిస్తున్నాం, ఊహిస్తున్నామని తెలియకుండా ఊహిస్తున్నాం. తెలిసి ఊహించడం దీనికంటే నిజాయితీ గల పని కదా.

పైగా కథలో కూర్చోవడం ఈ ప్రాంతానికి ఎవరో కొత్తగా నేర్పాల్సిన విద్యేమీ కాదు. హరికథలో ఒక్క మనిషి కాలికి గజ్జెలు, చేతిలో చిడతలతో నిలబడి కాసేపు రాజు, కాసేపు దాసి, కాసేపు అడవి అయిపోతే ఎదురుగా ఉన్నవాళ్లు ఆ అడవిలోకి వెళ్లిపోయేవాళ్లు. ఆ కళకి పెద్ద పేరు తెచ్చిన ఆదిభట్ల నారాయణదాసుది విజయనగరమే. తప్పెటగుళ్లు, జముకుల కథ వినీ చూసీ పెరిగిన తాతలు ఏ మతంలో ఉన్నా వాళ్ల మనసుకి ఈ అలవాటు ముందే ఉంది. పోగొట్టుకున్నది మనమే, సెల్‌ఫోన్లో బొమ్మ ఎవరో గీసి ఇస్తుంటే లోపల గీసుకునే ఓపిక తగ్గింది.

దీన్ని ప్రార్థనగా ఒక పద్ధతిలో పెట్టిన మనిషిగా అందరూ చెప్పేది స్పెయిన్ దేశపు లొయోలా ఇగ్నేషియస్‌ని. తెలుగు కతోలికుల్లో వినిపించే ఇన్నయ్య, ఇన్నారెడ్డి ఆ పేరుకి తెలుగు రూపాలే. ఈయన మొదట సాధువేమీ కాదు, కత్తి పట్టిన మనిషి. 1521 మేలో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది, నెలల తరబడి మంచం మీదే. వీరుల ప్రేమకథలు ఏమైనా ఉంటే ఇమ్మని అడిగితే ఇంట్లో అవి లేవు, క్రీస్తు జీవితం గురించి ఒకటి, పునీతుల కథలు ఒకటి, ఉన్నవి అవే ఇచ్చారు. ఆ పడుకున్న రోజుల్లో ఆయన ఒక సంగతి గమనించాడు. ఒక గొప్పింటి స్త్రీ కోసం తాను చేయబోయే ఘనకార్యాలు ఊహించుకుంటే ఆ కాసేపూ బాగుంటుంది, తర్వాత లోపలంతా ఎండిపోయినట్టు ఉంటుంది. పునీతుల్లా బతకడం ఊహించుకుంటే, ఆ ఊహ అయిపోయాక కూడా సంతోషం మిగులుతుంది. రెండూ ఊహలే, కానీ ఒకటి ఎండబెడుతోంది, ఒకటి తడి మిగులుస్తోంది. ఆయన రాసిన సాధనలు ఈ తేడా మీదే నిలబడ్డాయి. 1548లో మూడో పౌలు పాపు (పోప్) వాటికి ఆమోదం ఇచ్చారు.

అలాగని ఇదంతా ఆయనతోనే మొదలవలేదు. అస్సీసీ ఫ్రాన్సిస్ 1223లో గ్రెచ్చోలో క్రిస్మస్ రాత్రి గడ్డి పరిచి, ఎద్దునీ గాడిదనీ తెచ్చి నిలబెట్టింది కూడా ఇదే కోరికతో, కళ్లారా చూడాలని. ఇగ్నేషియస్ చేసిందేమిటంటే, దాన్ని ఎవరైనా చేయగలిగేలా మెట్లు కట్టి పెట్టడం. క్రీస్తు పుట్టుక మీద ఆయన ఇచ్చిన సూచన చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. నజరేతు నుంచి బేత్లెహేముకి వెళ్లే దారిని చూడు, ఎంత పొడవు, ఎంత వెడల్పు, చదునుగా ఉందా, లోయల్లోంచీ మెట్టల మీంచీ పోతోందా? పుట్టిన గుహ పెద్దదా చిన్నదా, పైకప్పు ఎంత ఎత్తు? సమాధానం మాత్రం ఆయన ఇవ్వడు, ఎవరి దారి వాళ్లే వేసుకోవాలి. తర్వాత అసలు మెలిక పెడతాడు, ఆ గుహలో ఒక మూల పనిపిల్లాడిలా నిలబడి వాళ్లకేం కావాలో చూసి అందించమంటాడు. సినిమా చూసినట్టు చూసి పోవడం కుదరదన్నమాట, చేతికి పని ఉంది.

ఇక ఈ ప్రాంతానికి దగ్గరి చుట్టరికం ఇంకొకరితో ఉంది. ఫ్రాన్సిస్ డి సేల్స్, జెనీవాకి పీఠాధిపతి (బిషప్) అయినా ఆన్సీ పట్టణంలో ఉండాల్సి వచ్చిన మనిషి, ఇగ్నేషియస్ స్థాపించిన యేసు సభ వాళ్ల దగ్గర చదువుకున్నాడు. ఆయన పేరు పెట్టుకున్న ఆన్సీ మిషనరీలు 1846లో విశాఖపట్నం వచ్చారు, ఉత్తరాంధ్రలో కతోలిక గుళ్లు చాలావరకు ఆ పునాది మీదివే, 1993లో శ్రీకాకుళం మేత్రాసనం, అంటే బిషప్ కింద ఉండే ప్రాంతం, విశాఖ నుంచే విడిపడింది. 1609లో ఇల్లూ వాకిలీ ఉన్న మామూలు మనుషుల కోసం డి సేల్స్ అచ్చు వేయించిన పుస్తకంలో ఈ ప్రార్థన గురించి ఒక పోలిక ఉంది. మనసు అటూ ఇటూ ఎగిరిపోకుండా కథ అనే చోట కట్టి ఉంచడానికే ఊహ, పిట్టని పంజరంలో పెట్టినట్టు, డేగ కాలికి తాడు కట్టినట్టు. అంటే ఊహ ఎగరడానికి కాదు, నిలబడడానికి. ఈ ఒక్క మాట అర్థమైతే సగం అనుమానాలు పోతాయి. ధ్యానం అయ్యాక తోటలో తిరిగినవాళ్లు నాలుగు పూలు కోసుకుని రోజంతా వాసన చూసుకున్నట్టు ఒకటి రెండు ఆలోచనలు వెంట తీసుకెళ్లమని కూడా ఆయనే అన్నాడు. పొద్దున్న తలలో పెట్టుకున్న మల్లెల్ని సాయంత్రం దాకా మోసే ఊళ్లలో దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంత చుట్టరికం ఉండి కూడా ఈ ప్రార్థన ఇక్కడి గుళ్లలో పెద్దగా మాటల్లోకి రాదు. సిలువ మార్గంలో పద్నాలుగు స్థలాల దగ్గర మోకరిస్తూ పోవడం దీనికి తోబుట్టువే, అయినా చాలాచోట్ల పుస్తకంలో ఉన్న ప్రార్థన గబగబా చదివేసి తర్వాతి స్థలానికి కదిలిపోతారు.

బాప్టిస్టు వైపు సంగతి వేరు. బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరం సంఘాల్లో కెనడా మిషనరీల కాలం నుంచీ వాక్యానికే పెద్దపీట, ‘వాక్యంలో ఉందా?’ అన్నదే మొదటి ప్రశ్న. ఊహ మీద అభ్యంతరం ఎక్కువగా ఇక్కడి నుంచే వస్తుంది, దానికి ఆధారాలూ ఉన్నాయి. ఆదికాండం ఆరో అధ్యాయంలో నరుల తలంపులలోని ఊహ అంతా ఎల్లప్పుడూ చెడ్డదే అని ఉంది, తెలుగు బైబిల్లో అక్కడ సరిగ్గా ‘ఊహ’ అన్న మాటే పడింది. ద్వితీయోపదేశకాండం నాలుగులో, మీరు మాటల ధ్వని విన్నారే గాని ఏ స్వరూపమూ చూడలేదని మోషే గుర్తుచేస్తాడు. ఇంగ్లిష్ పుస్తకాలు చదివినవాళ్లు రెండో కొరింథీ పది కూడా తీస్తారు, పాత కింగ్ జేమ్స్ తర్జుమాలో ఊహల్ని పడగొట్టాలన్నట్టు ఉంటుంది కాబట్టి. కానీ అదే వాక్యానికి తెలుగులో ఉన్న మాట ‘వితర్కములు’, దేవుడి జ్ఞానానికి అడ్డొచ్చే వాదనలు. దానికీ బేత్లెహేము దారిని తలుచుకోవడానికీ సంబంధం లేదు. ఆదికాండం మాట నిజమే, కానీ అది తలంపులన్నిటి గురించీ చెప్పిన మాట, ఆ లెక్కన బుద్ధితో ప్రసంగం తయారుచేసుకోవడం కూడా ఆపేయాలి. మోషే హెచ్చరిక దేవుడికి రూపం కట్టి మొక్కడం గురించి. తప్పిపోయిన కుమారుడి కథ చెప్పి, వాడింకా దూరంగా ఉండగానే తండ్రి పరిగెత్తాడని చెప్పినవాడు వినేవాళ్లు ఆ పరుగుని ఊహించుకోకూడదని కోరుకున్నాడంటే నమ్మడం కష్టం. పౌలు గలతీయులతో, సిలువ వేయబడినవాడిగా క్రీస్తు మీ కన్నుల ఎదుట ప్రదర్శింపబడ్డాడు కదా అంటాడు. గలతీలో ఉన్నవాళ్లెవరూ సిలువ దగ్గర లేరు.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది, దాని గురించే ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఊహకీ దర్శనానికీ మధ్య గీత చెరిగిపోవడం. ‘నిన్న ఆ కథలో కూర్చుంటే నాకిలా అనిపించింది’ అనేది ఒక మాట. ‘నిన్న ప్రభువు నాతో ఇలా చెప్పాడు’ అనేది పూర్తిగా ఇంకో మాట. మొదటిది అన్న మనిషిని పక్కవాళ్లు ప్రశ్నించొచ్చు, నవ్వొచ్చు, సరిదిద్దొచ్చు. రెండోది అన్న మనిషి నోరు తెరిచాక ఇంట్లో ఇంకెవరూ మాట్లాడలేరు. పిల్లకి ఈ సంబంధం ఖాయం చేయాలా, స్థలం అమ్మాలా, ఆపరేషన్‌కి వెళ్లాలా మానాలా లాంటివి కూడా ఆ ఒక్క వాక్యంతో తేలిపోతాయి. ఉపవాస కూడికల్లో దర్శనాలకి ఉన్న గిరాకీ తెలిసినవాళ్లకి ఇది కొత్త విషయం కాదు. కాబట్టి ఈ ప్రార్థన నేర్పేవాళ్లు మొదటి రోజే ఒక నియమం పెట్టాలి, ఊహలో యేసు నోటినుంచి వచ్చిన మాటని ఎవరూ ఆజ్ఞగా బయటికి తీసుకురాకూడదు. ‘అనిపించింది’ అన్న క్రియని వదలకూడదు.

అలాంటప్పుడు ఆ వచ్చిన మాటకి విలువేమిటి? చాలా ఉంది, కానీ అది యేసు గురించి తెలియజేసేది కాదు, ప్రార్థించేవాడి గురించి. సమరయ స్త్రీ కథే తీసుకోండి, యోహాను నాలుగు. మిట్టమధ్యాహ్నం, నుయ్యి, అలిసిపోయి గట్టు మీద కూర్చున్న పరాయి మనిషి. ఒకామె ఆ స్త్రీ స్థానంలో తనను పెట్టుకుని ధ్యానం చేసిందనుకుందాం. ఊహలో యేసు, ‘నీకు అయిదుగురు పెనిమిట్లుండిరి’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచాడు, వేలు చూపించాడు, ఆమెకి తల ఎత్తబుద్ధి కాలేదు. ఇప్పుడు కళ్లు తెరిచి యోహాను రాసింది మళ్లీ చదవాలి. గొంతు పెంచినట్టు ఎక్కడుంది? ఆ స్త్రీ సిగ్గుతో తల దించుకోలేదు, ఆరాధన ఎక్కడ చేయాలని ఎదురు ప్రశ్న వేసింది, కుండ అక్కడే వదిలేసి ఊళ్లోకి వెళ్లింది. మరి ఆ వేలు ఎవరిది? నాన్నదా, అత్తగారిదా, చిన్నప్పుడు భయపెట్టిన ఏ సండే స్కూల్ టీచరుదో? కథకీ ఊహకీ మధ్య వచ్చిన ఆ తేడాలోనే ప్రార్థనకి పని దొరుకుతుంది. మామూలు వాక్య పఠనంలో ఆ వేలు ఎప్పటికీ బయటపడదు, లోపలే ఉండి ప్రతి వాక్యం వెనకా ఊగుతూ ఉంటుంది. అందుకే ఈ పద్ధతిలో బైబిలు మూసేయకూడదు, ముందు ఓసారి, తర్వాత ఓసారి చదవాల్సిందే. డేగ కాలికి తాడు అదే.

తాడు ఎక్కడ కట్టాలన్న దాంట్లో ఇక్కడివాళ్లకి ఒక లాభం, ఒక చిక్కు. లాభం తెలిసిందే, నుయ్యి, కుడితి గోలెం, వలలు, వలస వెళ్లి ఆమదాలవలసలో రైలు దిగి ఇంటికి నడిచొచ్చే కొడుకు, అన్నీ చేతికందేంత దగ్గర. మొదలు పెట్టడానికి సొంత ఊరి బొమ్మే వాడుకోవాలి, దానికి సిగ్గుపడక్కర్లేదు. చిక్కు ఏమిటంటే అక్కడే ఆగిపోతే కథ మన సొంత కథ అయిపోతుంది. గలిలయ సముద్రం అన్న మాట వినగానే బంగాళాఖాతం కళ్లముందుకొస్తుంది, ఒడ్డున విరిగే కెరటాలు, ఉప్పు గాలి. నిజానికి అది మంచినీళ్ల సరస్సు, పొడవు దాదాపు 21 కిలోమీటర్లు, వెడల్పు 13, సముద్ర మట్టానికి రెండు వందల మీటర్లకు పైగా కింద, చుట్టూ కొండలు. ఆ కొండల్లోంచి గాలి ఉన్నట్టుండి దిగుతుంది. అంటే శిష్యులకి వాతావరణ హెచ్చరిక, ఒడ్డున ఎర్రజెండా లాంటి సావకాశం లేదు. 1986లో నీళ్లు తగ్గినప్పుడు ఒడ్డు బురదలో ఆ కాలం నాటి పడవ ఒకటి బయటపడింది, ఎనిమిది మీటర్లకి కొంచెం ఎక్కువ పొడవు, రెండున్నర మీటర్ల లోపు వెడల్పు. అంత చోట్లో పదముగ్గురు మనుషులు, అందులో ఒకరు పడుకుని ఉన్నారు! కాళ్లు ఎక్కడ పెట్టుకున్నారు? మిగతావాళ్లు నీళ్లు తోడుతూ ఆయన్ని దాటుకుంటూ తిరిగారా? కొలతలు తెలిశాక ఊహ చచ్చిపోలేదు, ఇంకా ఇరుకుగా, ఇంకా నిజంగా మారింది.

తర్జుమా దాచేసిన సంగతులు కూడా ఉంటాయి. యోహాను పద్దెనిమిదిలో పేతురు ప్రధాన యాజకుడి ముంగిట్లో చలి కాచుకుంటూ, నేను ఆయన శిష్యుణ్ని కానన్నాడు. అక్కడ తెలుగులో ‘మంట’ అని ఉంది. ఇరవయ్యొకటిలో యేసు ఒడ్డున చేపలు కాల్చి పెట్టి, రండి భోజనం చేయండి అంటాడు, అక్కడ ‘నిప్పులు’ అని ఉంది. గ్రీకులో రెండుచోట్లా ఒకటే మాట, బొగ్గుల నిప్పు, కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట ఈ రెండుచోట్లే కనిపిస్తుంది. తెల్లవారుజామున వేట నుంచి ఒడ్డుకి చేరి, బొగ్గుల మీద చేప కాలుతున్న వాసన పీల్చినవాళ్లకి ఇక్కడ వేరే వ్యాఖ్యానం అవసరం లేదు. ఆకలి మీద ఉన్న పేతురు ఈదుకుంటూ, తడిబట్టల్తో పైకి వచ్చాడు, ముందు ముక్కుకి తగిలింది ఆ వాసన. మొన్న రాత్రి ఏ వాసన పక్కన నిలబడి మూడుసార్లు కాదన్నాడో అదే వాసన. యేసు ఏమీ అనలేదు, చేప తిప్పుతున్నాడు. తిన్నాకే, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు. కళ్లతో చదివితే ఇది పాఠం, ముక్కుతో చదివితే పేతురు అడుగు ఆ నిప్పుల దగ్గర ఎందుకు తడబడి ఉంటుందో తెలుస్తుంది.

ముక్కు గురించి చెప్పడానికి ఇంకో కారణం ఉంది. కొంతమందికి కళ్లు మూసుకుంటే ఏ బొమ్మా రాదు, ఎంత ప్రయత్నించినా చీకటే. దీనికి 2015లో ‘అఫాంటేసియా’ అని పేరు కూడా పెట్టారు, అది జబ్బేమీ కాదు, కొందరి మనసు అంతే. ఆవిలా తెరేసా అంతటి ప్రార్థనాపరురాలే తనకి ఊహ చేతకాదని, క్రీస్తుని మనిషిగా తలుచుకోగలదే తప్ప చూడలేదని, చీకట్లో ఉన్నవాళ్లకి పక్కన మనిషి ఉన్నాడని తెలిసినట్టు ఉంటుందని రాసుకుంది. అయినా రాత్రి పడుకునే ముందు గెత్సేమనే తోటలో ఆయన పక్కన ఉండడం ఏళ్ల తరబడి మానలేదు. బొమ్మ రానివాళ్లు టెన్షన్ పడక్కర్లేదు, పక్కన ఉంటే చాలు.

అందరికీ అన్ని కథలూ పనికిరావు కూడా. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను రాత్రి ఉద్దానంలో ఇంటి పైకప్పు ఎగిరిపోతుంటే పిల్లల్ని పట్టుకుని కూర్చున్న తల్లికి, కళ్లు మూసుకుని తుపానులో దోనె ఎక్కమని చెప్పడం దుర్మార్గం. ఆమెకి తొంభై తొమ్మిది గొర్రెల కథో, యాయీరు కూతురికి తినడానికి ఏమైనా పెట్టమన్న మాటో ఇవ్వాలి. కీబోర్డు మీద మెల్లగా సంగీతం వాయిస్తూ, మైకులో ఒకరు ‘ఇప్పుడు ప్రభువు నీ భుజం మీద చెయ్యి వేశాడు, ఇప్పుడు నువ్వు ఏడుస్తున్నావు’ అని చెబుతూ వంద మందిని ఒకేసారి నడిపించడం కూడా ఈ ప్రార్థన కాదు. అక్కడ ఊహించేది మైకు పట్టుకున్నవాడే. కథ చెప్పేవాడు క్లుప్తంగా చెప్పి తప్పుకోవాలని ఇగ్నేషియస్ మొదట్లోనే రాశాడు, ఎక్కువ తెలుసుకోవడం వల్ల కాదు, లోపల రుచి చూడడం వల్లే ఆత్మకి కడుపు నిండుతుందని.

ఇక చివర్లో ఆయనతో మాట్లాడే రెండు మాటలు. చాలామంది తడబడేది ఇక్కడే, అదీ భాష వల్ల. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టిన పర్వతాలపేట శ్రీకాకుళం జిల్లాలోదే, అయినా ఈ జిల్లాలో మనిషి మోకరించగానే నోట్లోంచి వచ్చేది గ్రాంథికమే, ‘ప్రభువా, నీ పాదసన్నిధికి వచ్చియున్నాము’ అని. సభలో అది బాగానే ఉంటుంది. నీళ్లు నిండుతున్న దోనెలో కుదరదు. శిష్యులు ఆయన్ని లేపి అన్నది స్తుతి కాదు, నిష్ఠూరం. తెలుగు బైబిల్లో ‘బోధకుడా, మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా’ అని ఉంటుంది, చదవడానికి ఎంతో మర్యాదగా. అమరం దగ్గరికి పాక్కుంటూ వెళ్లి, ఆ తలగడ పక్కన ఒంగి, భుజం పట్టుకుని కుదుపుతూ ఇక్కడి మనిషి అనేది ఇలా ఉంటుంది: ‘అయ్యా, ములిగిపోతన్నాం, నీకేటీ పట్టదేటి?’